మార్కెట్ గేటు దగ్గర ఆగిన గంటలు

ఇమెల్దా కింతేరో ఏం పని చేస్తుందో వాళ్ల అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా బోధపడలేదు. రోడ్లు వేస్తావా అంటే కాదు. బండ్లు నడుపుతావా అంటే అదీ కాదు. వేసిన రోడ్డు మీద బండ్లు ముందుకంటే ఎంత త్వరగా పోతున్నాయో కొలిచి చెబుతానంటే, "ఆ మాత్రం చూస్తే తెలీదూ?" అని ఆవిడ పొయ్యి మీది చిక్కుళ్లు కలుపుతూ నవ్వేసేది. చూస్తే తెలియదు కాబట్టే, రోడ్ల శాఖకు కొలతలు తీసిపెట్టే సంస్థ వాళ్లు తనకు జీతమిస్తున్నారని ఇమెల్దా అనుకునేది.

పెన్యాల్తా కొండల మీది ఊరు. సాన్ తెల్మో సముద్రపు ఒడ్డున ఉంది. రెంటికీ నడుమ సియెర్రా కొండలు. పాత దారిలో మలుపు మలుపుకీ ఒక శిలువ కనబడేది, అక్కడ బండి లోయలో పడి పోయినవాళ్ల పేరు మీద. కొత్త రహదారి తెరవడానికి ముందటి చలికాలమంతా ఇమెల్దా తన మనుషులతో పాత దారి రెండు కొసల్లో నిలబడి లారీల నంబర్లు రాయించింది, కొన్ని లారీల్లో జాడ పట్టే చిన్న పెట్టెలూ పెట్టించింది. ఈ కొసన ఎక్కిన లారీ ఆ కొసన ఎప్పుడు దిగిందో సరిచూస్తే ఏడు గంటలు తేలింది. ఆ చలికి ఆమె కాలివేళ్లు వాచి, వసంతం దాకా బూట్లు పట్టలేదు.

తరవాత సొరంగాలు, వంతెనలతో కొత్త రహదారి వచ్చింది. ఈసారి చలిలో నిలబడే పని లేదు. వంతెనలకు బిగించిన చిన్న పెట్టెలు దాటిపోయే ఫోన్ల జాడ పట్టి వేళ రాసుకునేవి. లారీలకు ఇప్పుడు మూడు గంటలే పడుతోందని ఆ పెట్టెలు చెప్పాయి. సంస్థ డైరెక్టరు ఎవరిస్తో లాందా ఆ అంకె చూసి తలుపు తెరిచి మరీ అందర్నీ పిలిచి కేకు తెప్పించాడు. రహదారికి ఏడాది నిండే రోజున మంత్రి వచ్చి టోల్ గేటు దగ్గర బోర్డు ఆవిష్కరిస్తాడట. దాని మీద రాయబోయేది ఇదీ: ప్రతి లారీకీ నాలుగు గంటలు మిగిల్చాం.

అందరూ కేకు తింటుంటే ఇమెల్దా తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆమెకు ఒక సంగతి మింగుడు పడడం లేదు. పాత దారి రోజుల్లో ఒక్కో లారీ వారానికి రెండుసార్లు కొండ దాటేది. ఇప్పుడూ రెండుసార్లే దాటుతోంది. పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు నాలుగు గంటలు మిగిలితే ఏదో ఒక లారీ అయినా మూడోసారి కనబడాలి కదా. ఏడాది లెక్కలన్నీ వెతికినా అలాంటి లారీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే దొరికాయి. మరి ఆ గంటలు ఎటు పోయినట్టు?

డైరెక్టరును అడిగితే, డ్రైవర్లు ఎక్కడో చెట్టు కింద పడుకుంటున్నారేమో అన్నాడు. మన ఒప్పందం టోల్ నుంచి టోల్ దాకా, ఆ అవతల లారీ ఏమయితే మనకెందుకు అని కూడా అన్నాడు. మాట కటువుగా అనలేదు, మెల్లిగా నచ్చజెప్పాడు. ఇమెల్దా నచ్చినట్టు తల ఊపి, ఆ మధ్యాహ్నమే సెలవు చీటీ రాసిచ్చి, అరచేతిలో ఇమిడే జాడ పట్టే పెట్టెలు ఒక సంచీ నిండా వేసుకుని బస్సెక్కి కిందికి దిగిపోయింది.

సాన్ తెల్మో బయట టమాటాలు సర్ది పెట్టెలకెత్తే షెడ్ల దగ్గర లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. అక్కడ ఆమెకు తెలిసిన మొహం ఒకటే, రెఫుహియో మెద్రానో. ఆయన్ని అందరూ కూకో అంటారు, మర్యాదకు దోన్ కూకో. అరవైకి దగ్గర పడ్డవాడు, మీసం ఇంకా నల్లగానే ఉంచుకుంటాడు, ఎలా ఉంచుకుంటాడో అడిగితే ఊరుకోడు. పాత దారి కొలిచినప్పుడు ఇలాంటి పెట్టె తన లారీలో పెట్టనిచ్చిన మొదటి మనిషి ఆయనే. ఈసారి మాత్రం పెట్టెను చేత్తో కూడా ముట్టుకోలేదు.

"పాత రోజుల్లో వేరమ్మా. ఈ డబ్బా నా బండిలో ఉందని మా ఓనరు చెవిన పడిందనుకో, నాలుగు గంటలు ఖాళీగా ఉంటున్నావంట, ఇంకో ట్రిప్పు కొట్టరా అంటాడు. నా నడుముకి నువ్వు సమాధానం చెప్తావా?"

ఇమెల్దా ఆ వైపు నుంచి ఆలోచించనే లేదు. ఆ మాటే ఆయనతో చెప్పి, ఖాళీగా ఉంటున్నారా మరి అని అడిగింది. కూకో పక్కవాళ్ల వంక చూసి నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. ఇంటికి చేరేది ఎప్పటి వేళకేనట. గంటల్ని మింగేస్తున్నది కొత్త రహదారి మీద లారీల బరువు చూడడానికి పెట్టిన తూకపు బల్లేనని ఆయన నమ్మకం, అక్కడ బండ్లను ఆపి ఆపి చంపుతారని. ఇంకొకడు డీజిలు బంకు అన్నాడు, మరొకడు సొరంగాల ముందర పోలీసులన్నాడు.

"అయితే డబ్బా వద్దు. నన్నే ఎక్కించుకోండి" అంది ఇమెల్దా.

"నాకు మాటలెక్కువ. తట్టుకోగలవా ఇంజనీరమ్మా?"

"మా డైరెక్టరుతో పదకొండేళ్లు చేశాను, దోన్ కూకో."

ఆ మాటకు అక్కడున్నవాళ్లంతా నిజంగానే నవ్వారు. మర్నాడు తెల్లవారుతుండగా టమాటా పెట్టెల మీద ఆఖరి తాడు బిగించినప్పుడు ఆమె చేతి గడియారం చూసుకుని వేళ రాసుకుంది, లారీ ఎక్కింది.

కొబ్బరితోటలు, మామిడితోటలు వెనక్కి పోయాయి. కొండ మొదలవగానే గాలి మారింది. తూకపు బల్ల దగ్గర ఆగారు. కూకో కాఫీ గ్లాసు సగం కూడా ఖాళీ చేయకముందే పొమ్మని చెయ్యి ఊపారు. ఇమెల్దా ఆయన వంక చూసింది. ఇవాళేదో అదృష్టం బాగుందిలే అన్నాడు ఆయన. ఒక సొరంగంలోంచి ఇంకో సొరంగంలోకి పోతూ, నడుమ ఎండలోకి వచ్చినప్పుడల్లా కళ్లు చికిలించుకుంటూ, ఆయన ఆపకుండా కబుర్లు చెప్పాడు. పెద్ద వంతెన మీద నుంచి చూస్తే పాత దారి అడుగున ఎక్కడో పైన్ చెట్ల నడుమ సన్నగా కనబడింది. అక్కడ ఒకావిడ ఎండుమాంసం, గుడ్లు కలిపి వేయించి వేడి తోర్తియా రొట్టెల్లో చుట్టి ఇచ్చేదట. ముప్పై ఏళ్లు అక్కడ తిన్నాడు, ఈ ఏడాదిలో ఒక్కసారీ వెళ్లలేదు.

"ఆకలేసేంత టైము కూడా ఇవ్వదమ్మా ఈ రోడ్డు" అన్నాడు.

ఎండ నడినెత్తికి రాకముందే పెన్యాల్తా హోల్‌సేల్ మార్కెట్ చేరారు. పొడుగాటి ప్రహరీ గోడ, దానికి ఇనుప గేటు, గేటుకు తాళం. గోడ పొడవునా లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. కూకో వరస చివర బండి ఆపి, ఇంజను కట్టేసి, సీటు వెనక్కి వాల్చి, మొహం మీద టోపీ వేసుకున్నాడు.

"ఎప్పుడు తీస్తారు?" అడిగింది ఇమెల్దా.

టోపీ కిందనుంచే చెప్పాడు ఆయన. నాలుగింటికి. సాయంత్రం నాలుగు కాదు, రేపు తెల్లవారుజామున నాలుగు. తొమ్మిదింటికి మళ్లీ మూసేస్తారు. సరుకెక్కిన బండిని షెడ్ల దగ్గర ఉంచనివ్వరు కాబట్టి ఎప్పుడెక్కితే అప్పుడే వచ్చి ఇక్కడ నిలబడతారట. ఆయన చిన్నప్పటి నుంచీ అంతేనట. అది సూర్యుడు పొడిచినట్టు ఎప్పుడూ జరిగేది కాబట్టి, అందులో కొలవాల్సింది ఏదో ఉందని ఆయనకు తట్టలేదు.

ఇమెల్దాకు మాత్రం కూర్చున్నచోటే సంగతి విడిపోయింది. పాత దారిలో సాయంత్రం కదిలిన లారీ ఏడు గంటలు మెలికలు తిరిగి, నడుమ తిని, కాసేపు కునికి, సరిగ్గా గేటు తెరిచి ఉండే వేళకు వచ్చేది. గేటు వేళలు ఆ దారిని బట్టి పెట్టినవి. దారి మారింది, గేటు మారలేదు. సాయంత్రం కదిలినా, పొద్దున కదిలినా, ఎంత తొందరగా వచ్చినా ఈ గోడ పక్కన నిలబడాల్సిందే. ఒక పూట చూసినంత మాత్రాన ఇదే నిజమని రాయడానికి లేదు. తూకపు బల్ల దగ్గర అదృష్టం బాగుందన్నాడుగా కూకో, గేటు దగ్గర ఇవాళే దురదృష్టమేమో.

ఆ సాయంత్రమంతా ఆమె డ్రైవర్ల నడుమ తిరగేసిన బకెట్ మీద కూర్చుని డామినోలు ఆడింది. టమాటాలు వాడిపోకుండా లారీల మీది చల్లదనం యంత్రాలు రొద చేస్తూనే ఉన్నాయి. ఆట నడుమ ఆమె తన మాట చెప్పింది. నేను చూసింది నిజమా కాదా తేలాలంటే ఇరవై లారీలైనా కావాలి, మూడు వారాలు కావాలి. పేర్లు గానీ నంబర్లు గానీ ఎక్కడా రాయను. కానీ ఒకటి దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు, పేర్లు లేకపోయినా మీ ఓనర్లు అంకెలు చూసి లెక్క కట్టుకోగలరు.

ఒకడు, ఇదంతా మనకెందుకు, ఉన్నదేదో ఉంది కదా అన్నాడు. ఇంకొకడు, ఏముందిరా, గోడ పక్కన జీతం లేని కాపలా ఉంది అన్నాడు. వాళ్లకు ట్రిప్పుకింత అని ఇస్తారు. గేటు ముందు నిలబడ్డ గంటలకు ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆ మాట మీద చాలాసేపు రగడ జరిగింది. చివరికి కూకో డామినో పలకలు పక్కకు నెట్టాడు.

"ఆ అంకెలేవో మా ఓనరు కంటే ముందు మాకు చూపిస్తానంటే, నా బండిలో పెట్టు."

ఆమె సరేనంది. చేతులెత్తమంటే అందరూ ఎత్తలేదు గానీ, కావలసినంతమంది ఎత్తారు.

మూడు వారాలు గడిచాయి. ఇమెల్దా సెలవు అయిపోతే ఇంకో వారం అడిగి తీసుకుంది. సరుకు మీద తాడు బిగించినప్పటి నుంచి ఆ తాడు విప్పి ఆఖరి పెట్టె దించే దాకా ఒక్కో లారీ ఎక్కడ ఎంతసేపు ఉందో విడివిడిగా తీసింది. రోడ్డు మీద నాలుగు గంటలు మిగిలిన మాట నిజమే. గేటు ముందు నిలబడే సమయం దాదాపు అంతా పెరిగిన మాటా నిజమే. తూకపు బల్ల దగ్గర పోయింది లెక్కలోకి రానంత. మాట ఇచ్చినట్టే మొదట డ్రైవర్లకు చూపించింది. కూకో తూకపు బల్ల దగ్గరి అంకెను నమ్మలేక మళ్లీ మళ్లీ అడిగాడు. ఏడాదిగా తాను తిట్టిన తిట్లన్నీ వృథా అయ్యాయని ఆయన బాధ.

డైరెక్టరు లాందా ఆ కాగితాలు మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా చదివాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. చదివాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది రోడ్డు తప్పు కాదు కదా, ఇమెల్దా."

"రోడ్డు తప్పని నేననలేదు, డైరెక్టరు గారూ. లారీకి మిగిల్చామని బోర్డు రాస్తున్నారు. లారీకి మిగల్లేదు."

"మన ఒప్పందంలో గేటు లేదు. మంత్రి వచ్చే వారమే వస్తున్నాడు. ఇప్పుడు ఇది నివేదికలో పెడితే మళ్లీ మన మొహం చూస్తారా వాళ్లు?"

"రెండు అంకెలూ పక్కపక్కన వేయండి. లేదంటే నివేదిక మీద నా పేరు తీసేయండి."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తరవాత పెన్ను తీసుకుని, మొదటి పేజీలో ఆమె పేరు మీద గీత గీశాడు. కొలత కోసం చలిలో నిలబడ్డవాళ్ల పేర్లలో మొదటిది అదే. ఇమెల్దా లేచింది. కాగితాలు తీసుకుని, వెళ్లొస్తానని చెప్పి బయటికి నడిచింది. ఉద్యోగం తీసేస్తారేమోనని ఆ వారమంతా ఎదురుచూసింది. తీసేయలేదు, పలకరించనూ లేదు.

పేరు పోయింది గానీ, ఆ లారీలు గోడ పక్కనే నిలబడి ఉన్నాయి. దాన్ని వదిలేయడం ఆమె వల్ల కాలేదు. గేటు వేళలు మార్చగలిగేది ఎవరని విచారిస్తే, అందరూ ఒకే పేరు చెప్పారు, అమ్మగారన్నట్టు ముందు దోన్యా చేర్చి, దోన్యా క్రెసెన్సియా ఓలాగె. మార్కెట్ హమాలీల సంఘానికి పెద్ద. చనిపోయిన భర్త అక్కడ బస్తాలు మోసినవాడే. షావుకార్లకు కూడా ఆవిడంటే కాస్త జంకు.

మొదటిసారి వెళ్తే దోన్యా క్రెసెన్సియా కుర్చీ కూడా చూపించలేదు. గేటు వేళలంటే తన మనుషుల ఒళ్లు వంగే వేళలని, తొమ్మిదయ్యేసరికి వాళ్ల నడుములు పడిపోతాయని, మధ్యాహ్నం లారీ వస్తే పెట్టెలు దించడానికి ఇంజనీర్లు వస్తారా అని అడిగింది. రెండోసారి వెళ్తే ఇంకా పొట్టిగా మాట్లాడింది. ఇమెల్దా ఇంటికి వచ్చి ఆలోచించింది. డ్రైవర్ల గంటల గురించి హమాలీల పెద్దకు చెబుతున్నాను, ఆవిడకు ఆ గంటలతో పనేముంది? పాత దారి నాటివీ కొత్తవీ పెట్టెల కొలతలన్నీ మళ్లీ తీసి, ఈసారి లారీల వైపు నుంచి కాక గేటు లోపలి వైపు నుంచి చూసింది.

మూడోసారి ఆమె మార్కెట్‌కు వెళ్లిన రోజునే టోల్ గేటు దగ్గర మంత్రి బోర్డు మీది తెర లాగుతున్నాడు. మేళతాళాలు లౌడ్‌స్పీకర్లో ఊరంతా వినబడుతున్నాయి. దోన్యా క్రెసెన్సియా బల్ల మీద ఇమెల్దా రెండు బొమ్మలు పరిచింది. గేటు తీశాక ఏ గంటలో ఎన్ని లారీలు లోపలికి వచ్చాయో వాటిలో ఉంది. పాత దారి రోజుల్లో బండ్లు ఒక్కొక్కటిగా, తొమ్మిది దాకా పరుచుకుని వచ్చేవి. ఇప్పుడు సగానికి పైగా మొదటి గంటలోనే మీద పడుతున్నాయి.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ బొమ్మల మీదికి వంగింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"ఈ ఏడు తొమ్మిదిమందికి నడుము పట్టేసింది" అంది చివరికి. "నలుగురు మళ్లీ పనిలోకే రాలేదు. మావాళ్లు మెత్తబడిపోయారనుకున్నాను పిల్లా. మొహం మీదే అనేశాను వాళ్లతో."

బయట ఎవరో ఖాళీ పెట్టెలు దొంతర పెడుతున్న చప్పుడు. దోన్యా క్రెసెన్సియా లేచి, కుర్చీ ఆమె వైపు జరిపి, కూర్చో అంది. కాఫీ తెప్పించింది.

ఆ తరవాతి మాటలన్నీ షావుకార్లతో నడిచాయి, వాటిలో ఇమెల్దా పాలు తక్కువ. తెల్లవారుజామున ఒక జట్టు, పదకొండు నుంచి మూడు దాకా ఇంకో జట్టు పని చేయాలని దోన్యా క్రెసెన్సియా పట్టుబట్టింది. షావుకార్లు ససేమిరా అన్నారు. అయితే సోమవారం నుంచి తెల్లవారుజామున కూడా ఎవరూ పెట్టె ఎత్తరని ఆవిడ చాలా నెమ్మదిగా చెప్పింది. ఒక నెల చూద్దామన్నారు వాళ్లు.

మొదటి వారం మధ్యాహ్నం గేటు బార్లా తెరిచి ఉంటే ఒక్క లారీ రాలేదు. తెరుస్తారని ఎవరూ నమ్మలేదు. హమాలీలు నీడలో కూర్చుని పేకాడుకున్నారు, షావుకార్లు ఇమెల్దా వంక గుర్రుగా చూశారు. ఆమె సాన్ తెల్మోకు ఫోన్ చేసి కూకోను బతిమాలింది. రెండో మంగళవారం ఆయన లారీ మలుపు తిరిగి వచ్చి, వేగం కూడా తగ్గించకుండా నేరుగా గేట్లోకి దూరింది. సరుకు దిగాక ఆయన వెంటనే బండి తిప్పాడు. ఎండ ఇంకా ఉండగానే ఇంటికి పోతున్నాడు. మర్నాడు ఆయన పెళ్లాం ఇమెల్దాకే ఫోన్ చేసి, ఆయన ఉద్యోగం ఊడిందా ఏం, నిజం చెప్పమ్మా అని అడిగింది. ఆ వారం చివరికి మధ్యాహ్నం వచ్చే లారీలు పదికి పైనే అయ్యాయి.

నెల తిరిగాక ఇమెల్దా మళ్లీ కొలిచింది. తాడు బిగించినప్పటి నుంచి విప్పే దాకా చూస్తే, లారీకి నిజంగా మిగిలింది రెండున్నర గంటలు. బోర్డు మీద ఉన్న నాలుగు కాదు. రెండున్నరే రాసింది.

భయపడ్డదీ జరిగింది. ఓనర్లు మూడో ట్రిప్పు మాట ఎత్తారు. కానీ అవే అంకెలు డ్రైవర్ల చేతిలో ముందే ఉన్నాయి కాబట్టి బేరం ఒకవైపు నుంచే సాగలేదు. మూడో ట్రిప్పు వారం విడిచి వారమేనని, నిలబడ్డ గంటలకు కూడా కూలి ఇస్తామని రెండు కంపెనీలు ఒప్పుకున్నాయి. మూడో కంపెనీ ఓనరు మాత్రం ఎదురు మాట్లాడిన ముగ్గురిని పని మాన్పించాడు. ఇమెల్దా ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లింది. ఇద్దరికి వేరే చోట పని దొరికింది, మూడోవాడు ఆమెను గుమ్మంలోంచే పంపేశాడు. నువ్వు కొలవకపోయినా ఆ ఓనరు అంతేనమ్మా అని కూకో సర్దిచెప్పాడు. అది నిజమే కావచ్చు, అయినా ఆమెకు ఆ గుమ్మం చాలాకాలం కళ్లలో మెదిలింది.

వానాకాలం మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం ఆమె మార్కెట్‌లో ఉండగా డైరెక్టరు లాందా వచ్చాడు. పక్కన ఎవరూ లేరు. గేటు ఎదురుగా నిలబడి, లోపలికి పోయే లారీలను కాసేపు చేతి గడియారంతో వేళ కట్టి చూశాడు. తరవాత చంకలోని ఫైలు తీశాడు. ఉత్తరాన సరిహద్దు వంతెనకు కొత్త రహదారి వేస్తున్నారట, దాని కొలత సంస్థకే వచ్చింది.

"ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని రాయమంటావు?"

"తాడు బిగించిన దగ్గర్నుంచి విప్పే దాకా" అంది ఇమెల్దా.

ఆయన గోడకు ఆనించి అలాగే రాశాడు. కింద ఆమె పేరు ఆయనే చేత్తో రాసి, చదివి చూసుకోమని ఇచ్చాడు. క్షమించమని అడగలేదు, ఆమె కూడా అడిగించుకోలేదు. రోడ్డు ఎప్పుడు తెరుస్తారని మాత్రం అడిగింది. వచ్చే ఎండాకాలానికి అన్నాడు.

అంటే అక్కడి పాత దారిని కొలవడానికి ఒక్క చలికాలమే ఉంది. రోడ్డు తెరిచాక ముందటి రోజులు ఎలా ఉండేవో కొలుద్దామన్నా దొరకవు. ఆ సాయంత్రం ఆమె అమ్మ చిక్కుళ్లు పొయ్యి మీద పెడుతుంటే, ఇమెల్దా బజారుకు పోయి, కాలివేళ్లు వాచినా పట్టేలా ఒక కొలత పెద్దవైన ఉన్ని బూట్లు కొనుక్కొచ్చింది.